నాలుగో మాట

గుడ్ ఫ్రైడే నాటికి మా బరంపురంలో ఎండలు ముదిరిపోతాయి. మధ్యాహ్నం పన్నెండింటికి మొదలైన ఆరాధన మూడింటి దాకా సాగుతుంది. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడాలి. ఎవరికి ఏ మాటో సంఘపెద్దలు రెండు వారాల ముందే పంచుతారు. మొదటిది క్షమాపణ మాట, దానికి ఎప్పుడూ పోటీయే. రెండోది దొంగకు పరదైసు దొరికిన కథ, మూడోది తల్లిని శిష్యుడికి అప్పగించిన కథ. వాటికీ మనుషులు దొరుకుతారు. నాలుగో మాట దగ్గరకొచ్చేసరికి అందరూ తల వంచుకుని బైబిల్ పేజీలు తిరగేస్తారు. దేవుణ్ణి పట్టుకుని నన్నెందుకు వదిలేశావని కొడుకే అడిగిన మాట అది. ధైర్యం చేసి దాన్ని తీసుకున్నవాళ్లు కూడా రెండో నిమిషంలోనే సర్దేస్తారు. అది మన పాపాల భారమే గాని సందేహం కాదంటారు. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ ఇరవై రెండో కీర్తన చివరికి స్తుతితోనే ముగుస్తుందంటారు. ఆ వివరణ తప్పని నేననను. కానీ ఆ ప్రశ్నను ఒక్క నిమిషమైనా ప్రశ్నగా ఉండనివ్వకపోవడం నన్ను ఏళ్ల తరబడి బాధిస్తూనే ఉంది.

మా గంజాం జిల్లాలో సువార్త వినబడి రెండు వందల ఏళ్లు కావస్తోంది. ఆ కాలమంతా ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఇక్కడ మొదట యేసును నమ్మినవాళ్లు అడిగి వచ్చినవాళ్లు. తాతల నాటి నుంచి వస్తున్నదాన్ని అనుమానించారు, దొరలు తెచ్చినదాన్నీ అనుమానించారు. పుస్తకం తెచ్చుకుని చదివారు, వాదించారు, లోలోపల నలిగారు. వాళ్ల తర్వాత వచ్చిన మేం మాత్రం అడగడమే పాపం అనుకునే చోటికి చేరాం. ఈ దారి ఎక్కడ మలుపు తిరిగిందో వెతుక్కోవాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

ఇంగ్లండులోని జనరల్ బాప్టిస్టు మిషన్ తరఫున విలియం బాంప్టన్, జేమ్స్ పెగ్స్ 1822లో కటకం చేరారు. మరుసటి ఏడాది చార్లెస్ లేసీ, 1825లో ఏమస్ సట్టన్ వచ్చి కలిశారు. సట్టన్ వచ్చిన కొద్ది నెలలకే భార్య షార్లెట్ పూరీలో చనిపోయింది. బాంప్టన్ పూరీలో కాపురం పెట్టి, ఇక్కడి బట్ట కట్టి, రథయాత్ర జనం మధ్య నిలబడి బోధించి, 1830లో అక్కడే కన్నుమూశాడు. వచ్చిన ఐదేళ్ల వరకూ ఇక్కడి మనిషి ఒక్కడూ బాప్తిస్మానికి ముందుకు రాలేదు. ఆ ఐదేళ్లూ వాళ్లు ఏమనుకుంటూ నిద్రపోయారో, ఏమనుకుంటూ లేచారో ఊహించుకుంటే నాకు వాళ్ల మీద గౌరవం పెరుగుతుంది.

మిషనుకు దక్కిన తొలి మనిషి కటకంలోనూ పూరీలోనూ కాదు, మా బరంపురంలో దొరికాడు. పైగా తెలుగువాడు. 1827 డిసెంబరు 25న, క్రిస్మస్ నాడే, బాంప్టన్ చేతుల మీదుగా ఒక నేతగాడు బాప్తిస్మం తీసుకున్నాడు. మిషనరీల పుస్తకాల్లో ఆయన పేరు ‘ఎరున్’ అని ఉంటుంది. ఎర్రన్నో ఎర్రయ్యో అయి ఉంటాడని నా ఊహ. అప్పుడు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. బరంపురం వీధుల్లో ఇప్పటిలాగే తెలుగూ ఒడియా ఒకే నోట పలికేవి. నేతగాళ్ల సంగతి ఈ ఊళ్లో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. దారం వేళ్ల మధ్య నలిపి చూడకుండా ఎవరూ పడుగు వెయ్యరు. అలాంటి మనిషి కులం పోతుందని, అయినవాళ్ల ఇంట భోజనం పోతుందని, పిల్లలకు సంబంధాలు పోతాయని తెలిసి నీళ్లలోకి దిగాడంటే, దిగేముందు ఎన్ని రాత్రులు ఎన్నిసార్లు నలిపి చూసుకున్నాడో! మా సంఘాల్లో ఆ క్రిస్మస్ తారీఖును గొప్పగా చెప్పుకుంటాం. వచ్చే 2027 డిసెంబరుకు దానికి రెండు వందల ఏళ్లు. నా మనసు మాత్రం ఆ తారీఖుకు ముందున్న రోజుల మీదికే పోతుంది. అటా ఇటా అని ఊగిన ఆ రోజులు లేకుండా ఆ క్రిస్మస్ లేదు.

కటకం వైపు జరిగింది ఇంకా ఆసక్తికరం. కుజిబర్ అనే ఊళ్లో సుందరదాసు అనే సాధువు, ఆయన చుట్టూ శిష్యులు. మిషనరీలు పంచిన చిన్న పుస్తకాలు వాళ్ల చేతికి వచ్చాయి. పది ఆజ్ఞలు చదివారు. గురువుతో కూర్చుని తర్కించారు, తర్వాత లేసీ దగ్గరకు పోయి ప్రశ్నలు వేశారు. ఆ గుంపులోంచే గంగాధర్ సారంగి అనే బ్రాహ్మణుడు 1828లో బాప్తిస్మం తీసుకున్నాడు, ఆయన వెనక మరికొందరు. సుందరదాసు మాత్రం తీసుకోలేదు. గురువు ఒడ్డున నిలబడిపోయాడు, శిష్యులు దిగారు. అక్కడ మొదలైన సంఘం ఒక చదువుకునే గుంపులోంచి, ఒక వాదనలోంచి పుట్టిందన్న సంగతి మా సండేస్కూలు పాఠాల్లో ఎప్పుడూ వినలేదు.

ఇక పురుషోత్తమ చౌదరి. ఈయన దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. 1803లో పర్లాకిమిడి దగ్గర మదనాపురంలో, ఎప్పుడో వచ్చి స్థిరపడిన వంగ బ్రాహ్మణుల ఇంట పుట్టాడు. ఆ ఊరు అప్పుడు గంజాం జిల్లాయే. తెలుగు, ఒడియా, సంస్కృతం చదివాడు. జగన్నాథుడి ఛాయలో పెరిగినవాడికి మోక్షం గురించిన తపన చిన్నప్పటినుంచే పట్టుకుంది, క్షేత్రాలు, క్రతువులు దాన్ని తీర్చలేదు. శ్రీకాకుళంలో హెలెన్ నాట్ అనే క్రైస్తవురాలి దగ్గర చిన్న పుస్తకం దొరికింది. చదివాడు. చదివి ఊరుకోలేదు, మనుషుల్ని వెతుక్కుంటూ వెళ్లి వాదించాడు. 1833లో, ముప్పై ఏళ్ల వయసులో బాప్తిస్మం తీసుకున్నాడు. కులం దూరం పెట్టింది. ఆ తర్వాత యాభై ఏడేళ్లు బతికి, విశాఖపట్నం నుంచి బరంపురం దాకా తిరిగి బోధించి, 1890లో పోయాడు.

చౌదరి అనగానే అందరికీ గుర్తొచ్చేవి కీర్తనలు. నూటికి పైగా రాశాడు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం ఎక్కడ తెరిచినా ఆయన ఎదురవుతాడు. ప్రతి కీర్తన నెత్తిన చిన్న అక్షరాల్లో రాగం, తాళం ఉంటాయి. కింద మూలన రాసినవాళ్ల పేరు. మా నాయనమ్మకు చదువు రాదు, అయినా పుస్తకం ఒళ్లో పెట్టుకుంటే గాని పాడేది కాదు. రాగం పేరు ఉన్నచోట వేలు ఆనించేది. ఆ చోట కాగితం నూనె పట్టి పల్చబడి, వెనక పేజీ అక్షరాలు ఇటు కనబడేవి. ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గరే ఉంది.

కానీ చౌదరి పద్యాలూ పాటలే కాదు, వచనమూ రాశాడు. కుల ధర్మాన్ని పట్టి పరిశీలించిన పుస్తకానికి ఆయన పెట్టిన పేరు ‘కులాచార పరీక్ష’. ఆ ‘పరీక్ష’ అనే మాట నాకు చాలా ఇష్టం. మన తర్కశాస్త్రంలో పూర్వపక్షం చెప్పకుండా సిద్ధాంతం చెప్పడం మర్యాద కాదు. ఎదుటివాడి అభ్యంతరాన్ని వాడికంటే గట్టిగా మనమే చెప్పి, అప్పుడు జవాబు వెతకాలి. ఆ చదువు చదివినవాడు చౌదరి. మతం మారినప్పుడు ఆ చదువుని ఒడ్డున విప్పేసి రాలేదు, వెంట తెచ్చుకున్నాడు. మేం ఆయన పాట తీసుకున్నాం, పరీక్షను అటకెక్కించాం.

అయినా ఆయన పాటలోనే ఒక గొప్ప ఉపకారం దాగి ఉంది. ‘త్రాహిమాం’ అని మొరపెట్టుకునే కీర్తన మా ఇళ్లలో ఎన్ని చావుల దగ్గర పాడామో లెక్కలేదు. మునుగుతున్నవాడు అనే మాట అది. ఒడ్డున కూర్చుని నిశ్చింతగా ఉన్నవాడు అనేది కాదు. నోటితో నాకు సందేహంగా ఉందని చెప్పుకోలేనివాళ్లు రాగం పట్టుకుని అదే సంగతి చెప్పుకున్నారు. పాడినదాన్ని ఎవరూ తప్పు పట్టరు.

మరి మలుపు ఎక్కడ? నాకు తోచినంతలో మిషన్ కాంపౌండు గోడల దగ్గర. ఇది దొరలను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. 1835లో ఘుమ్సర్ యుద్ధం మొదలయ్యాక కోందుల కొండల్లో మెరియా నరబలి సంగతి బయటి లోకానికి తెలిసింది. బలికోసం కొని పెంచుతున్న పిల్లల్ని వందల్లో విడిపించారు. వాళ్లలో చాలామందిని బరంపురం మిషనరీలకు అప్పగించారు. ఆ తర్వాత 1866, ఒడిశాను ఊడ్చిపెట్టిన నఅంక కరువు. పది లక్షల మంది పోయారంటారు. దిక్కులేని పిల్లలు మళ్లీ మిషన్ గుమ్మాల దగ్గరే తేలారు. అన్నం పెట్టారు, చదువు చెప్పారు, పనులు నేర్పారు, పెళ్లిళ్లు చేశారు, ఇళ్లు కట్టుకోవడానికి చోటిచ్చారు. ఆ పిల్లల వారసులు ఈ నేల మీద నిండుగా బతికారు. ఇంతకంటే మంచి పని మరొకటి ఉంటుందా?

కానీ ఈ పిల్లలు ఎరున్‌లాగా నలిపి చూసి వచ్చినవాళ్లు కారు. బతకడానికి వచ్చారు, విశ్వాసం కూడా అన్నంతోపాటు విస్తరిలో వడ్డించారు. అన్నం పెట్టిన చెయ్యి చెప్పినదాన్ని అనుమానించడం ఎవరికైనా విశ్వాసఘాతుకంగా తోస్తుంది. ఇల్లు, బడి, ఉద్యోగం, శ్మశానంలో ఆరడుగుల చోటు అన్నీ ఒకే కాంపౌండులో ఉన్నప్పుడు ప్రశ్న అడగడానికి చాలా ధైర్యం కావాలి. సందేహం అక్కడ కృతఘ్నతగా మారింది. మా భాషలో సందేహమూ, అవిశ్వాసమూ, శోధనా ఒకే మూటలో కట్టేసిన కాలం ఇదేనని నా నమ్మకం.

ఈ ప్రమాదాన్ని పసిగట్టిన మిషనరీలూ ఉన్నారు, అన్యాయం చెయ్యకూడదు. సట్టన్ అమెరికా వెళ్లి 1835లో అక్కడి బాప్టిస్టులకు తెలుగువాళ్ల గురించి చెప్పగా, 1836లో శామ్యూల్ డే వచ్చాడు. నెల్లూరు, ఒంగోలు మిషన్లు అందులోంచి మొలిచినవే. ఆ ఒంగోలులో జాన్ క్లౌ, 1876 నుంచి 78 దాకా సాగిన కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో వేలమందికి కూలి ఇప్పిస్తూ, బాప్తిస్మాలు మాత్రం ఆపేశాడు. కూటికోసం వస్తున్నారా, క్రీస్తుకోసమా అన్న అనుమానం ఆయన్ని పట్టుకుంది. కరువు తగ్గుముఖం పట్టాక, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఆ సంఖ్యను సభల్లో చప్పట్ల మధ్య చెప్పుకుంటారు. అంతకు ముందు ఆయన చేతులు కట్టుకుని ఆగిన నెలలు నాకు ఆ సంఖ్యకంటే పెద్దగా కనబడతాయి.

  

పర్లాకిమిడి వెనక కొండల్లో మరో కథ నడిచింది. సవరల కథ. ఆ ఊళ్లో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని, వాళ్ల పిల్లలకు బళ్లు పెట్టి, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. కెనడా బాప్టిస్టులు సెరంగోలో కాలుపెట్టారు. 1936లో మంగేయి గమాంగో తన జాతికి సొంత లిపి తయారుచేసి, ఆ అక్షరాలనే ఆరాధ్యంగా నిలిపాడు. ఒకే కొండ మీద ఒకే కాలంలో వ్యాకరణం, బైబిలు, అక్షరబ్రహ్మం! ఇరవయ్యో శతాబ్దం ద్వితీయార్ధంలో సవరలు పెద్దసంఖ్యలో బాప్టిస్టులయ్యారు.

వాళ్ల పాత పద్ధతిలో చనిపోయినవాళ్లు వెంటనే వెళ్లిపోరు. పూనకం వచ్చిన ఆవిడ నోట మాట్లాడతారు. బతికున్నవాళ్లు చుట్టూ కూర్చుని వాళ్లతో వాదిస్తారు, ఏడుస్తారు, నిష్ఠూరాలాడతారు. నన్ను ఆస్పత్రికి ఎందుకు తీసుకెళ్లలేదని చచ్చినవాడు అడిగితే, డబ్బు లేదురా అని తండ్రి జవాబిస్తాడు. ఏళ్ల తరబడి సాగి సాగి ఆ మాటలు మెత్తబడి ఆగుతాయి. పియర్స్ విటెబ్‌స్కీ అనే పరిశోధకుడు 1975 నుంచి ఆ ఊళ్లకు వస్తూ పోతూ ఈ సంభాషణలు విని 1993లో ఒక పుస్తకం రాశాడు. 2017లో రెండో పుస్తకం వచ్చేసరికి ఆ సంభాషణ ఆగిపోయింది. చనిపోయినవాళ్లు పరలోకంలో ఉన్నారు, వాళ్లతో మాటల్లేవు. కొత్త తరానికి చదువు వచ్చింది, దయ్యాల భయం పోయింది, బలుల ఖర్చు తప్పింది. ఆ లాభాలు చిన్నవి కావు. కానీ పోయినవాళ్ల మీద మిగిలిపోయిన మాటలు ఎవరితో చెప్పుకోవాలి? ఇది సవరల ఒక్కళ్ల కష్టం కాదు. బరంపురంలో మాదీ అదే. సమాధి దగ్గర ప్రార్థన చేసి, నిరీక్షణ గల మాట ఒకటి చెప్పి, టీ తాగి ఇంటికొచ్చేస్తాం. ఎందుకు అన్న ప్రశ్న గుండెలో రాయిలా ఉండిపోతుంది. యోబు గ్రంథం మా బైబిల్లోనే ఉంది. నలభై రెండు అధ్యాయాలు. ముప్పైకి పైగా అధ్యాయాలు వాదనే, చివరికి దేవుడు తప్పుపట్టింది అడిగినవాణ్ణి కాదు, దేవుడి తరఫున తెలివిగా జవాబులు చెప్పిన స్నేహితుల్ని. అయినా మా ఇళ్లలో చావు జరిగితే ఆ స్నేహితుల పాత్రే వేస్తాం.

ఆ సవర కొండల్లోకే 1940లలో ఇంకొకాయన వచ్చాడు. వెరియర్ ఎల్విన్. 1902లో ఒక ఆంగ్లికన్ బిషప్పుకు కొడుకై పుట్టి, ఆక్స్‌ఫర్డులో వేదాంతం చదివి, 1927లో క్రైస్తవ సేవకుడిగా పుణె వచ్చినవాడు. గాంధీకి దగ్గరయ్యాడు. గోండుల మధ్య ఉంటూ వాళ్లకు మతం బోధించనన్నాడు, బిషప్పుకు ఇవ్వాల్సిన విధేయతా ప్రమాణం ఇవ్వనన్నాడు, 1935లో సంఘాన్నే వదిలేశాడు. అలా విశ్వాసం వదిలినవాడు గంజాం, కోరాపుట్ కొండల్లో సవరల విశ్వాసాన్ని ఎంతో గౌరవంతో గమనించి 1955లో ఒక బృహద్గ్రంథం తెచ్చాడు. ఎవరి నమ్మకం వాళ్లకు ఎంత విలువైనదో, నమ్మకం పోగొట్టుకున్నవాడికే ఎక్కువ తెలుస్తుందేమో అనిపిస్తుంది.

ఎల్విన్ పుట్టిన 1902లోనే, నవంబరు 15న, మా జిల్లా కేంద్రం ఛత్రపురంలో పుట్టాడు గోరా, గోపరాజు రామచంద్రరావు. క్రైస్తవుడు కాదు, సంప్రదాయ బ్రాహ్మణుల బిడ్డ. కానీ ఉద్యోగం మొదలుపెట్టింది మదురైలోని మిషనరీ కళాశాలలో, తర్వాత కొలంబోలో బౌద్ధుల కళాశాలలో. 1933లో కాకినాడలో నాస్తికుడన్న కారణంతో ఉద్యోగం పోయింది. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు. గాంధీ ఆయన్ని సేవాగ్రామానికి పిలిచి రోజుల తరబడి కూర్చోబెట్టుకుని మాట్లాడాడు. ఆ ముచ్చట్లు పుస్తకంగా వచ్చాయి. గోరా కొడుకు లవణం పెళ్లాడింది గుర్రం జాషువా కూతురు హేమలతని. ‘గబ్బిలం’ రాసిన జాషువా, ‘క్రీస్తు చరిత్ర’కు సాహిత్య అకాడెమీ బహుమతి అందుకున్న జాషువా. పురాణ కథలు రాస్తాడని క్రైస్తవులు, పుట్టుక చూసి హిందువులు ఇద్దరూ గుమ్మం బయట నిలబెట్టిన కవి ఆయన. ఛత్రపురంలో పుట్టిన నాస్తికుడి ఇంటికి క్రీస్తును గానం చేసిన కవి కూతురు కోడలై వెళ్లింది. మా సంఘాల్లో ఈ సంబంధం గురించి ఎవరూ చెప్పుకోరు, నాకు మాత్రం చెప్పుకోదగ్గ సంగతిలాగే ఉంటుంది.

1936 ఏప్రిల్ 1న గంజాం ఒడిశాలో కలిసింది. బ్రిటిషు వాళ్లు వెళ్లాక పేదవాడి విశ్వాసానికి కాగితాలు అడ్డం వచ్చాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి షెడ్యూల్డ్ కులం హోదా లేదు. స్వాతంత్ర్యం వచ్చాక మతమార్పిడుల మీద తొలి చట్టం 1967లో మా ఒడిశాదే. దాంతో సర్టిఫికెట్లో ఒకటి, గుండెలో ఒకటి పెట్టుకుని బతకాల్సిన ఇళ్లు తయారయ్యాయి. బడిలో పేరు రాయించేటప్పుడు మతం అని అడిగితే తల్లి ఒక క్షణం ఆగుతుంది. ఆ క్షణంలో ఎంత భారం ఉందో ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్లకే తెలుసు. నిజం చెప్పడానికి ఇంత ఖరీదు ఉన్నచోట, నా విశ్వాసం గట్టిగా లేదని ఒప్పుకోవడం ఇంకా ఎక్కువ ఖరీదు.

తర్వాత 2008. ఆగస్టు 23న హిందూ నాయకుడు స్వామి లక్ష్మణానంద హత్య, మావోయిస్టులు తామే చేశామన్నారు. ఆ వెంటనే కంధమాల్‌లో క్రైస్తవుల ఇళ్ల మీద దాడులు. బల్లిగుడ, జి. ఉదయగిరి ఒకప్పుడు గంజాం ఏజెన్సీలోవే, మాకు చుట్టరికాలున్న ఊళ్లు. వేల ఇళ్లు కాలాయి, వేలకు వేలు అడవుల్లోకి పరుగెత్తారు, కొందరు మా ఊరికి వచ్చారు. ఆ రోజుల్లో ప్రార్థనల్లో ప్రశ్నలు వినబడలేదు. ముట్టడిలో ఉన్న ఊరు లోపల తగాదా పెట్టుకోదు. సందేహం శత్రువుకు తలుపు తీసినట్టే అనిపించింది. అది నాకు అర్థమవుతుంది. కానీ మంటలు ఆరి ఇన్నేళ్లయినా ఆ తలుపు గడియ అలాగే ఉండిపోయింది. దేవుడు ఆ రోజు ఎక్కడున్నాడని అడగాలనుకున్న పిల్లలు పెద్దవాళ్లయిపోయారు. కొందరు అడగకుండానే సంఘం వదిలి వెళ్లిపోయారు.

నా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా అమ్మకు జబ్బు చేసిన ఏడాది ఒక ప్రార్థన బృందం వచ్చేది. వాళ్ల పేరూ ఊరూ అనవసరం. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు వేసేవాళ్లం, చిన్న సీసాలో నూనె తెచ్చేవారు, గంటసేపు గట్టిగా ప్రార్థించేవారు. మూడో వారం నాటికీ అమ్మ లేవలేదు. టీ గ్లాసు కింద పెట్టి వాళ్ల నాయకుడు, ఈ ఇంట్లో ఎవరికో విశ్వాసం తక్కువైంది, అన్నాడు. అందరూ నావైపు చూశారు. నాకు కోపం రాలేదు, నిజంగానే తక్కువైంది కాబట్టి. వాళ్లు వెళ్లాక మంచం మీంచి అమ్మ, “నా వల్లేనేమో బాబూ?” అంది. యాభై ఏళ్లు ఒక్క ఆదివారం మానని మనిషి, చావుబతుకుల మధ్య ఉండి తన విశ్వాసాన్ని తూకం వేసుకుంటోంది. ఆ తూకం ఆవిడ చేతికిచ్చినవాళ్లని క్షమించడానికి నాకు చాలా కాలం పట్టింది.

రెండు రోజుల తర్వాత మా వీధి మాస్టారు గొడుగు ఊపుకుంటూ వచ్చారు. ఎనభై దాటిన మనిషి. మంచం పక్క స్టూలు లాక్కుని కూర్చున్నారు. దేవుడు ఎందుకిలా చేస్తున్నాడు మాస్టారూ, అని అడిగేశాను. ఆయన కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుని, “నాకూ తెలీదు బాబూ. మా ఆవిడ పోయినప్పుడూ అడిగాను. ఇంకా అడుగుతానే ఉన్నాను,” అన్నారు. ఆ తర్వాత నెమ్మదిగా చౌదరి కీర్తన ఒకటి ఎత్తుకున్నారు. గొంతు రెండుచోట్ల పట్టుకుంది. అమ్మ పెదాలు కదిపింది. ఆ పూట ఆవిడ నన్ను ఇంకేమీ అడగలేదు. ఆ నెలాఖరులో పోయింది.

తోమా గురించి చాలామంది పాస్టర్లు బోధించగా విన్నాను. అవిశ్వాసి తోమా, నమ్మకం లేని తోమా. మన దేశానికి సువార్త తెచ్చిన అపొస్తలుడని కేరళవాళ్లు చెప్పుకునేది ఆయన్నే, చెన్నైలో కొండకున్న పేరూ ఆయనదే. యోహాను రాసిన దాంట్లో నన్ను ఆపేసేది గాయాల్లో వేలు పెడతానన్న పంతం కాదు. మిగతా పదిమందీ చూశాం అంటున్నా తోమా నమ్మలేదు. ఎనిమిది రోజులు గడిచాయి. ఎనిమిది రోజుల తర్వాత తోమా వాళ్లతోనే ఉన్నాడు. అదే గది, మూసిన అవే తలుపులు. ఆ ఎనిమిది రోజులూ వాళ్లు ఆయన్ని గెంటెయ్యలేదు, ఆయనా అలిగి పోలేదు. ఒకే కుండలో వండుకుని తిన్నారు. నమ్మినవాళ్లూ నమ్మలేనివాడూ ఒకే కప్పు కింద ఉన్న ఆ ఎనిమిది రోజుల మీద ఒక్క ప్రసంగమూ నేను వినలేదు. మత్తయి అయితే చివరి కొండ మీద, తిరిగి లేచిన ప్రభువు ఎదుటే, కొందరు సందేహించారని దాచకుండా రాశాడు. రాసినవాళ్లకు లేని భయం మనకెందుకో!

మదర్ తెరెసా ఉత్తరాలు 2007లో అచ్చయినప్పుడు ఇక్కడ చాలామంది నొచ్చుకున్నారు. దాదాపు యాభై ఏళ్లు దేవుడి సన్నిధి తెలియని చీకట్లో ఉన్నానని ఆవిడ తన గురువులకు రాసుకుంది. కలకత్తా మాకు రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చేరే దూరం. అవి బయటపెట్టకుండా ఉండాల్సింది అన్నవాళ్లున్నారు. అదే చీకట్లో ఆవిడ రోజూ లేచి కుష్టురోగుల పుళ్లు కడిగింది. 2016లో సంఘం ఆవిణ్ణి పునీతురాలిగా ప్రకటించింది, ఆ ఉత్తరాలన్నీ చదివిన తర్వాతే.

కిందటిసారి గుడ్ ఫ్రైడేకు పెద్దలు మాటలు పంచుతున్నప్పుడు నాలుగోది నాకివ్వమని అడిగాను. పాస్టరుగారు ఒకసారి నా మొహంలోకి చూసి రాసుకున్నారు. ఆ రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది, ఆడవాళ్లు కీర్తన పుస్తకాలతో విసురుకుంటున్నారు. ఎరున్ గురించి చెప్పాను. అమ్మ అడిగిన ప్రశ్న చెప్పాను. ఇరవై రెండో కీర్తన స్తుతితో ముగుస్తుందని అందరికీ తెలుసు కాబట్టి ఎనభై ఎనిమిదోది తెరవమన్నాను. మొత్తం చదివాను. అది ఎక్కడా వెలుగులోకి తిరగదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. నేనూ అక్కడే ఆగి, ఏమీ కలపకుండా దిగిపోయాను.

గుడి మొత్తం నిశ్శబ్దంగా ఉంది. నా బెంచీలో చివర కూర్చున్న నర్సింగ్ చదివే అమ్మాయి కాస్త జరిగి, గుసగుసగా, “మావయ్యా, ఆ కీర్తన అయ్యాక ఆమేన్ అనాలా?” అంది. నాకు వెంటనే తోచలేదు. ఐదో మాట చెప్పాల్సినాయన అప్పటికే లేచి గొంతు సవరించుకుంటున్నారు. దాహం మాట అది.